తలంబ్రాలు పడ్డ పాట

నాకు పాటల విషయంలో కోపం ఎక్కువ. అన్నం మాడినా, బస్సు తప్పిపోయినా పెద్దగా పట్టించుకోను గానీ, నాకు నచ్చిన పాటను ఎవరైనా తేలిగ్గా ఓ మాటంటే ఆ మనిషితో నెల్లాళ్ళు మాట్లాడను. మా ఆవిడ దీన్ని రోగమే అంటుంది. ఆ రోగం నాకు అంటించినవాళ్ళు ఇంగ్లండులో ఎక్కడో ఉన్న ఐదుగురు. నేను పలక పట్టుకునే రోజుల్లో జుట్లు పెంచుకుని గిటార్లు వాయించి, నేను కాలేజీకి వచ్చేసరికే ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయిన రాక్ బ్యాండు వాళ్ళు. పేరు రాయను. రాస్తే వాళ్ళకంటే ఫలానావాళ్ళు గొప్ప అని ఎవరో ఒకరు అంటారు, నాకు మళ్ళీ కోపం వస్తుంది.

తొంభైల్లో నేను తణుకులో పంచదార ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసేవాణ్ణి. చెరకు రసంలో తీపి ఎంతుందో చూసి చెప్పడం నా ఉద్యోగం. ఆ బ్యాండు పాటలు ఆడియో క్యాసెట్లలో అరిగిపోయేదాకా విన్నాను గానీ, వాళ్ళు స్టేజి మీద ఎలా నిలబడతారో, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారో లేదో ఏమీ తెలీదు. ఓడలో ఉద్యోగం చేసే మా పెదనాన్నగారబ్బాయి ఒకసారి సెలవుకి వస్తూ, ఏదో రేవులో పాత సామాన్ల కొట్లో దొరికిందని ఓ వీడియో క్యాసెట్ తెచ్చిచ్చాడు. వాళ్ళ పాత కచేరీ, గంటన్నర ఉంది.

మా ఇంట్లో వీసీఆర్ లేదు. బస్టాండు వెనక పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే ఆయన కొట్టు ఉండేది. ఆయన నా ఈడువాడే, అయినా ఇద్దరం ఏనాడూ 'గారు' లేకుండా పిలుచుకోలేదు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక షట్టరు సగం దించి, ఆయన వీసీఆర్‌లో ఆ క్యాసెట్ పెట్టాం. బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చింది. ఆ క్యాసెట్ అమ్మిన దేశంలో పద్ధతి వేరనీ, మన మిషన్లలో రంగు రాదనీ మాకు అప్పుడు తెలీదు. పాతకాలం కదా, రంగుల కెమెరాలు ఉండి ఉండవు అనుకున్నాం. ఆ నలుపు తెలుపుల్లో ఉన్న గాంభీర్యం గురించి నేను వీడియో ఆయనకి ఓ గంట ఉపన్యాసం కూడా ఇచ్చాను.

అప్పట్నించి ప్రతి ఆదివారం అదే పని. నేను పాట గురించి మాట్లాడితే ఆయన కెమెరా గురించి మాట్లాడేవాడు. డ్రమ్ములు వాయించే ఆయన చేతులు చూపించకుండా మొహమే చూపిస్తూ అంతసేపు ఆగిన కెమెరామన్‌కి దణ్ణం పెట్టాలనేవాడు. అదే కెమెరామన్ మన పెళ్ళిలో అయితే పెళ్ళికొడుకు మేనత్తను చూపించలేదని తన్నులు తిని ఉండేవాడనేవాడు. ఒకే పాట నాలుగుసార్లు వెనక్కి తిప్పి, గిటారు ఆయన కన్ను కొట్టింది పాటగాడికా, జనంలో ఎవరికైనానా అని సాయంత్రం దాకా వాదించుకున్న రోజులున్నాయి. పెళ్ళయిన మగాళ్ళు చెయ్యాల్సిన పనేనా అని మా ఆవిడ అడిగేది.

బ్యాండు మేళం మాస్టారు వచ్చింది అలాంటి ఓ ఆదివారమే. క్లారినెట్ వాయించేవారు. అప్పటికి నలభై అయిదేళ్ళు ఉంటాయి, సన్నగా, మెడలో ఎర్ర తువ్వాలుతో ఉండేవారు. ఏ ముహూర్తానికి ఎక్కడ పెళ్ళో కనుక్కోడానికి వీడియో ఆయన దగ్గరికి వస్తూండేవారు. ఆ రోజు షట్టరు కింద నుంచి వంగి లోపలికొచ్చి, పని సంగతి మర్చిపోయి, నిలబడే మూడు పాటలు చూశారు. నేను కుర్చీ జరిపినా కూర్చోలేదు. చివరికి గిటారు ఆయన్ని చూపించి, "ఈయన మీటట్లేదండి, ఊదుతున్నాడు," అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఇంగ్లీషు పత్రికల్లో ఆ బ్యాండు గురించి దొరికిన ప్రతి ముక్కా చదివినవాణ్ణి, మేళం ఆయన నాకు చెప్పేదేంటని లోపల కొంచెం అహంకారం కూడా ఉంది. మాస్టారు ఓపిగ్గా చెప్పారు. తీగ మీటేవాడికి ఊపిరితో పని లేదు, ఎంతసేపైనా వాయించుకుంటూ పోవచ్చు. ఈయన మాత్రం వాక్యం వాయించి ఆగుతున్నాడు, ఊపిరి తీసుకున్నంతసేపు ఆగి మళ్ళీ ఎత్తుకుంటున్నాడు, అందుకే మాట్లాడుతున్నట్టు ఉందన్నారు. పత్రికల్లో ఒక్కడూ రాయని మాట అది. ఆ రోజు నుంచి నేను ఆయన శిష్యుణ్ణి, ఆయనకి ఆ సంగతి చెప్పలేదు గానీ.

ఆ కచేరీలో ఆఖరి పాటంటే మాకు ప్రాణం. పదకొండు నిమిషాలు. నెమ్మదిగా మొదలై, మధ్యలో పాటగాడు ఒక కేక లాంటి ఆలాపన తీసి ఆగిపోతాడు. ఆ తర్వాత వచ్చేదాని కోసమే ముగ్గురం వారమంతా ఎదురుచూసేవాళ్ళం. మాస్టారు ఆ పాటను ఆరేడుసార్లు చూసి ఉంటారు.

ఆ మాఘమాసంలో పెనుగొండలో ఒక పెళ్ళి. వీడియో ఆయన ఒకే రోజు రెండు పెళ్ళిళ్ళు ఒప్పుకుని, తలంబ్రాల వేళకి ఖాళీ క్యాసెట్లు అయిపోయి, సంచీలో చెయ్యిపెడితే తగిలింది కెమెరాలో పెట్టేశాడు. మా కచేరీ క్యాసెట్‌కి ఇంకో కాపీ తీద్దామని, కెమెరాలో వాడే చిన్న క్యాసెట్లోకి ఎక్కించుకున్న ఆఖరి పాట అది. అది పోతే అసలుది ఉండాలి కదా. అసలుది అంతకు వారం ముందే మిషన్లో ఇరుక్కుని, రీలు ముడతలు పడి, సరిగ్గా ఆ చివరి భాగమే చిరిగిపోయింది. మిగిలింది చిన్న క్యాసెట్ ఒక్కటే. ఇప్పుడు అందులో పాటగాడు మైకు దగ్గరికి నడిచొస్తాడు, నోరు తెరుస్తాడు, టక్కున పురోహితుడు కనబడి పెళ్ళికూతురి దోసిట్లో బియ్యం పోస్తాడు.

వీడియో ఆయన నా కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. నేను మనిషిగా ప్రవర్తించలేదు. ఆ పెళ్ళికూతురు ఏం పాపం చేసిందో గానీ ఆమెను కూడా తిట్టాను. మూడు ఆదివారాలు ఆ వీధి తొక్కలేదు. నాలుగో ఆదివారం మాస్టారు మా ఇంటికొచ్చి, క్లారినెట్ పెట్టె చంకలో పెట్టుకుని, పదండి అన్నారు. కొట్లో కూర్చుని, పెదాలు తడుపుకుని, ఆ పాట నాకు గుర్తుందండి అన్నారు.

పదకొండు నిమిషాలూ వాయించారు. పాటగాడి గొంతు ఒక తీరున, గిటారు ఒక తీరున, రెండూ ఆ ఒక్క గొట్టంలోంచే. కేక దగ్గర ఆగారు. తర్వాత కింది పంచమం నుంచి నెమ్మదిగా ఎక్కి, గాంధారం మీద కాసేపు నిలబడి, పై షడ్జం అందుకుంటారనుకుంటే అందుకోకుండా రిషభంలోకి జారి, అక్కడే వదిలేశారు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. వీడియో ఆయన గోడ వైపు తిరిగాడు. అదే, అచ్చం అదే అన్నాం ఇద్దరం. వీడియో ఆయనతో నేను మళ్ళీ మాట్లాడింది ఆ క్షణంలోనే.

మాస్టారికి పొగడ్త నచ్చేది కాదు. ఆయన గురువుగారు రాజమండ్రిలో పేరున్న బ్యాండు నడిపినాయన. సినిమా పాటలో సొంత సంగతి ఒక్కటి కలిపినా వెదురు బెత్తంతో మెటికల మీద కొట్టేవారట. ఊరేగింపులో జనం పాట విని గుర్తుపట్టాలి, నీ తెలివి విని కాదు అనేవారట. ముప్ఫై ఏళ్ళలో ఒక్క స్వరం కలపలేదు, ఒక్కటి తియ్యలేదు అని మాస్టారు చెప్పుకునేవారు. తన గురించి ఆయన చెప్పుకున్న గొప్ప అదొక్కటే.

ఆ తర్వాత పదేళ్ళు ఆ పాట మా ప్రాంతంలో ఊరేగింది. అత్తిలిలో, పెనుగొండలో, తణుకు మెయిన్ రోడ్డు మీద సాయంత్రం ఊరేగింపుల్లో, రెండు సినిమా పాటల మధ్య మాస్టారు దాన్ని ఎత్తుకునేవారు. ఏ సినిమాలోదండీ అని పెళ్ళివారు అడిగేవాళ్ళు. హిందీదేమోనని వాళ్ళే తేల్చుకునేవాళ్ళు. ఆ గాంధారం మీద ఆగినప్పుడు తాగి గెంతేవాళ్ళు కూడా ఒక్క నిమిషం కాళ్ళు ఆపడం నేను కళ్ళారా చూశాను. పిలవని పెళ్ళిళ్ళకు కూడా వెళ్ళి, రోడ్డు పక్కన నిలబడి విని వచ్చేసేవాణ్ణి.

తర్వాత తణుకులో నెట్ సెంటర్లు వచ్చాయి. ఆ బ్యాండు అభిమానులు మాట్లాడుకునే సైటు ఒకటి దొరికింది నాకు. ప్రపంచంలో నాలాంటి పిచ్చివాళ్ళు ఇంతమంది ఉన్నారా అని మొదట ఆనందించాను. ఏ కచేరీలో ఏ పాట ఎంతసేపు వాయించారో, ఏ ఊళ్ళో తీసిన రీలు ఎవరి దగ్గరుందో వాదించుకుంటున్నారు, అచ్చం మా కొట్లో లాగే. ఉత్సాహం ఆగక, ఫలానా కచేరీ ఆఖరి పాటలో కేక తర్వాత గిటారు వాయించిన ఆ ముక్క వాళ్ళ జన్మకంతటికీ గొప్పదని రాశాను. స్వరాలు కూడా వాళ్ళకి అర్థమయ్యేలా రాసి పెట్టాను.

అలాంటిదేమీ లేదని జవాబు వచ్చింది. రాసినాయన ముసలాయన. ఆ కచేరీలో మూడో వరసలో కూర్చున్నాడట. నేనేదో వేరే బ్యాండుతో పొరబడ్డానన్నాడు. నా కోపం సంగతి ముందే చెప్పాను. వయసు మీద పడి మీకు మతిమరుపు వచ్చిందని రాశాను. ఇంకొందరు ఆయన వైపు వస్తే వాళ్ళకీ తలా ఒకటి అంటించాను. మాస్టారు ముప్ఫై ఏళ్ళలో ఒక్క స్వరం కలపలేదన్న ధైర్యం నాది. ముసలాయన మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. ఎక్కడో ఎవరి దగ్గరో ఉన్న ఆ పాట ఫిల్మును సంపాదించి, నెట్‌లో పెట్టించి, చూడమని రాశాడు.

పదకొండు నిమిషాల బొమ్మ ఆ నెట్ సెంటర్లో పూర్తిగా రావడానికి మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేంత సేపు పట్టింది. మొదట నన్ను దెబ్బ కొట్టింది రంగు. గిటారు ఆయన చొక్కా చిలకాకుపచ్చ. పదేళ్ళు గాంభీర్యం గురించి ఉపన్యాసాలిచ్చాను నేను. తర్వాత కేక వచ్చింది. కేక తర్వాత గిటారు ఆయన తీగల మీద అరచెయ్యి పెట్టి, కదలకుండా నిలబడి, డ్రమ్ముల ఆయన వైపు చూశాడు. డ్రమ్ము మీద ఎనిమిది దెబ్బలు పడ్డాయి. అంతే, పాట ముందుకి వెళ్ళిపోయింది.

వెనక్కి తిప్పి చూశాను. ఎన్నిసార్లు చూసినా అక్కడ ఏమీ లేదు. కొట్లో అన్నిసార్లు చూసిందీ ఇదే అయ్యుండాలి, మాస్టారు వాయించిందే నా జ్ఞాపకంలో దాని మీద ఎక్కేసింది, పాట మీద తలంబ్రాలు ఎక్కినట్టు. నేను ఏడ్చిన చోట, గెంతేవాళ్ళు ఆగిన చోట, మూడో వరసాయన్ని మతిమరుపువాడన్న చోట ఎనిమిది దెబ్బల ఖాళీ ఉంది. ముందు సిగ్గేసింది. కాసేపటికి అసలు సంగతి తట్టింది. ఆ ముక్క మాస్టారిది. నా చెవులు పదేళ్ళు దణ్ణం పెట్టింది ఇంగ్లండువాళ్ళకి కాదు, ఎర్ర తువ్వాలు మనిషికి.

మాస్టారికి చెప్పొద్దని వీడియో ఆయన నా చేతులు పట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ మాట పోతే ఆ మనిషి తట్టుకోలేడన్నాడు. నేనూ సరేనన్నాను. కానీ రీలు దొరికిందన్న వార్త అప్పటికే వీడియో ఆయన నోటి నుంచే మాస్టారి దగ్గర జారిపోయింది. రెండు వారాలు తప్పించుకున్నాక మాస్టారు ఫ్యాక్టరీ గేటు దగ్గర నా కోసం నిలబడి, "సరిగ్గానే వాయించానా అండీ?" అని అడిగారు. నేను చూపిస్తానన్నాను, అబద్ధం చెప్పే మొహం కాదు నాది.

నెట్ సెంటర్లో ఇద్దరం ఒకే కుర్చీ చెరో సగం పంచుకుని కూర్చున్నాం. పాట మొదలవగానే ఆయన వేళ్ళు తొడ మీద క్లారినెట్ పట్టుకున్నట్టు కదలడం మొదలుపెట్టాయి. కేక అయింది. గిటారు ఆయన ఆగిపోయాడు. మాస్టారి వేళ్ళు ఆగలేదు. ఖాళీలో ఆ ఎనిమిది దెబ్బలూ కదిలి, అప్పుడు తెలుసుకుని ఆగాయి. ఆయన మళ్ళీ ఒక్కసారి వెయ్యమన్నారు. రెండోసారి చేతులు రెండూ వెనక్కి కట్టుకుని చూశారు.

"నేను కలిపేశానండి," అన్నారు.

అది తప్పు కాదని, నేను విన్నవాటిల్లో అంతకంటే మంచిది లేదని, ఆయన పక్కన ఆ గిటారు ఆయన కూడా తల వంచాలని చెప్పాను. నేను చెప్పేకొద్దీ ఆయన చిన్నబోయారు. గురువుగారు ఉంటే మెటికలు విరిచేవారండి అని లేచి, నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

పది రోజులకి సజ్జాపురంలో ఊరేగింపు. నేను రోడ్డు పక్కన నిలబడ్డాను. మాస్టారు ఆ పాట ఎత్తుకున్నారు, కేక దాకా వచ్చారు. క్లారినెట్ నోటి నుంచి తీసి కిందికి పట్టుకున్నారు. పక్కన సైడ్ డ్రమ్ము వాయించే మాస్టారి బావమరిది ఒక్కడే ఎనిమిది దెబ్బలు కొట్టాడు. ఎవరి కాళ్ళూ ఆగలేదు. ఉన్నది ఉన్నట్టు వాయించి ముందుకెళ్ళిపోయారు. ఆ ముక్క ఇక లేదని నాకు అప్పుడు తెలిసింది. మా నాన్న పోయినప్పుడు కూడా నేను రోడ్డు మీద నిలబడి అలా ఏడవలేదు.

మర్నాడు వీడియో ఆయనా నేనూ కొట్టులో ఉన్న పెళ్ళిళ్ళన్నీ వెతికాం. పదేళ్ళ ఊరేగింపుల్లో మాస్టారు ఎన్నోచోట్ల కనబడుతున్నారు. బుగ్గలు పొంగించి, కళ్ళు మూసుకుని ఊదుతున్నారు. ఒక్కదాంట్లోనూ వినబడరు. పెళ్ళి వీడియోల పద్ధతే అంత. ఊరేగింపు మీద అసలు శబ్దం తీసేసి సినిమా పాటలు ఎక్కిస్తారు, అలా ఎక్కించకపోతే పెళ్ళివారు ఒప్పుకోరు. తీసిన అసలు క్యాసెట్లేమో తర్వాతి పెళ్ళికి మళ్ళీ వాడేస్తారు. ఆయన క్లారినెట్ మీద ఎవరి డ్యూయెట్టో వినబడుతూంటే వీడియో ఆయన మిషను ఆపేసి, తలంబ్రాలు పోసింది నేనే, ఇవి ఎక్కించిందీ నేనేనండి అని తల పట్టుకున్నాడు. ఈసారి నాకు కోపం రాలేదు.

మూడో వరసాయనకి క్షమించమని రాశాను. మీరు చెప్పిందే నిజం, ఆ ముక్క వాళ్ళది కాదు, మా ఊళ్ళో పెళ్ళిళ్ళకు క్లారినెట్ వాయించే ఒకాయనదని రాశాను. క్షమించానో లేదో ఆయన రాయలేదు. అయితే అది నాకు వినాలని ఉంది, వినిపించగలరా అని మాత్రం రాశాడు. ఆ ఉత్తరం కాగితం మీద ప్రింటు తీయించుకుని మాస్టారింటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని క్లారినెట్ మూతికి బిగించే రీడు బద్ద గీసుకుంటున్నారు. తప్పని తెలిశాక కూడా వాయిస్తే ఎలాగండి అన్నారు, నేనేమీ అడగకముందే.

తప్పుగా వాయించొద్దు, ఆ పాటలో కలపొద్దు, విడిగా మీదిగా వాయించండి అన్నాను.

"నాదైతే ఎవరడుగుతారండి? మేళంలో అడిగిందే కదండీ వాయిస్తాం."

"నేనడుగుతున్నానండి. ఆ కచేరీలో కూర్చుని విన్న పెద్దాయన కూడా అడుగుతున్నారు."

ఆయన రీడు పక్కన పెట్టారు. ఉత్తరం చదవమన్నారు. ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పాను. రెండోసారి ఒట్టి ఇంగ్లీషే చదవమన్నారు.

ఆదివారం మధ్యాహ్నం కొట్టుకొచ్చారు, బావమరిదిని వెంటబెట్టుకుని. వీడియో ఆయన స్టాండు మీద కెమెరా పెట్టాడు. బస్టాండు హారన్లు వినబడుతున్నాయి, కానియ్యండి అనుకున్నాం. మాస్టారు పెదాలు తడుపుకున్నారు. మేళంలో ఎప్పుడూ వాయించే ముందు పాట పేరు చెప్పి ఎత్తుకోవడం అలవాటు. బావమరిది డ్రమ్ము సర్దుకుని, ఏ పాట బావా అని అడిగాడు.

"పాట కాదురా," అన్నారు మాస్టారు. "నాది కొంచెం ఉంది. కొట్టు."